పదకొండో గుడ్డ

కవిత్వ పంక్తిని తప్పుగా ఉదహరించినవాళ్లను నేను ఏనాడూ క్షమించలేదు. సూరత్ పక్కన హజీరాలో ముప్పై ఏళ్లు ప్లాంటులో పనిచేసి మేనేజరుగా రిటైరయ్యాను. ఏ వాల్వు ఎవరు బిగించారో, ఏ షిఫ్టులో బిగించారో కాగితం మీద లేకపోతే సంతకం పెట్టేవాణ్ణి కాదు. సాహిత్యంలోనూ నాది అదే పట్టుదల. వేదిక మీద ఎవరైనా పద్యం మొదలుపెట్టి మూడో పాదంలో తడబడితే, కింద నుంచి లేచి ఆ పాదం నేను పూర్తిచేసేవాణ్ణి. సాయం చేద్దామని కాదు, అతని ముఖం మాడిపోవడం చూద్దామని. ఒకసారి ఒక పెద్దాయన ఒక కవి పద్యాన్ని ఇంకో కవికి అంటగట్టాడు. ఆయన మనవరాలు పక్కనే కూర్చుని ఉండగా, ఆ పిల్ల ముందే ఆయన్ను దిద్దాను. ఆయన మళ్లీ మా సమావేశాలకు రాలేదు. రాకపోతే పోయాడు అనుకున్నాను. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో మీకు బంగారు పతకం ఇవ్వాలి" అనేది మా ఆవిడ. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేవాణ్ణి.

సూరత్‌లో మా తెలుగు సంఘం ఉంది. ముందు వరుసల్లో హజీరా కంపెనీల ఇంజనీర్లం, మా కుటుంబాలు. వెనక వరుసల్లో వడోద్, పాండేసరా, ఉన్ పేటల వైపు నుంచి వచ్చే మగ్గాల మనుషులు. వాళ్లంతా ఉత్తర తెలంగాణ పల్లెల వాళ్లు, ఇక్కడ కరెంటు మగ్గాల మీద గుడ్డ నేస్తారు. ఆ మగ్గాలను వాళ్లు సాంచాలంటారు. మైకులో మేం వాళ్లను "మనవాళ్లు" అనేవాళ్లం. భోజనాల దగ్గర మాత్రం వాళ్ల వరుస వేరుగా పడేది. ఎవరూ వేరు చేయలేదు, అలా పడేది, అంతే.

ఒక ఏడు సంఘం తరఫున వ్యాసాల పోటీ పెట్టాం. నియమాలు రాసే పని నాకే అప్పగించారు, నాకు తప్ప ఇంకెవరికీ ఆ ఓపిక లేదు కాబట్టి. మూడో నియమం మీద ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. వ్యాసంలో కవిత్వ పంక్తులు వాడితే కవి పేరు, పుస్తకం పేరు, పుట సంఖ్య విధిగా ఇవ్వాలి. కింద ఒక వాక్యం చేర్చాను: పేరు లేని పంక్తిని దొంగసొత్తుగా పరిగణిస్తాం. ఆ వాక్యం చూసి అధ్యక్షుడు కొంచెం జంకాడు. "మరీ పోలీసు భాషలా ఉందండీ" అన్నాడు. ఉండనివ్వమన్నాను.

వచ్చిన వ్యాసాల్లో సగం ఫోన్లోంచి ఎత్తి రాసినవే. మిగతా సగం చదివితే ఫోన్లోంచి ఎత్తి రాసినా బాగుండేది అనిపించింది. చివరికి నోటు పుస్తకంలోంచి చింపిన ఏడు కాగితాలు నా చేతికొచ్చాయి. రాసింది వడోద్‌లో ఉండే అమ్మాయి. కాలేజీలో మొదటి ఏడు చదువుతోంది. ఎనిమిదో తరగతి దాకా మున్సిపల్ తెలుగు బడిలో చదువుకుందట. వాక్యాల మధ్యలో హిందీ, గుజరాతీ మాటలు రాళ్లలా తగులుతున్నాయి. చదువుతూ ఎర్ర పెన్ను తీశాను. మూడో కాగితం దగ్గర ఆ పెన్ను మూత పెట్టేశాను.

అక్కడ నాలుగు పంక్తుల కవిత ఉంది. బిడ్డ తొలి మాట పలికిన రోజున తండ్రి సాంచాల దగ్గర్నుంచి ఇంటికొస్తాడు. చెవుల్లో మోత ఇంకా ఆగలేదు కాబట్టి ఆ మాట అతనికి వినపడదు. బిడ్డ పెదవులు కదలడం చూసి ఏమన్నదో పోల్చుకుంటాడు. నాలుగు పంక్తుల్లో ఉన్నది అంతే. చదివి లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను. మళ్లీ వచ్చి చదివాను. నలభై ఏళ్లుగా నేనూ రాస్తున్నాను, నా దగ్గర అలాంటివి నాలుగు లేవు. నాకు అసూయ పుట్టింది. దానికి ఇంకో పేరేదైనా పెట్టి మర్యాదగా చెప్పవచ్చు, కాని చెప్పను.

పంక్తుల కింద ఆ అమ్మాయి ఆధారం ఇచ్చింది. కవి, మా బాపు అని రాసి, తండ్రి పేరు ఇంటిపేరుతో సహా ఇచ్చింది. పుస్తకం, బీము గుడ్డల బుక్కు. పుట, పదకొండో గుడ్డ. సాంచా నంబరు పదిహేడు. ఆ గుడ్డల సంగతేమిటో వ్యాసంలోనే వివరంగా రాసింది. సాంచా మీద కొత్త బీము ఎక్కించినప్పుడు, అంటే కొత్త పడుగు చుట్టిన దుంగను బిగించినప్పుడు, మొదట వచ్చే జానెడు గుడ్డ అమ్మకానికి పనికిరాదు. కోసి పారేస్తారు. వాళ్ల బాపు ఆ ముక్క ఇంటికి తెచ్చుకునేవాడు. నేసిన ప్రతి తాకా కొసనా, అంటే ప్రతి తాను చివరా, ఎవరు నేశారో తెలిసేలా నంబరు వేయడానికి ఒక పెన్ను ఉంటుంది. ఆ పెన్నుతోనే ముక్క మీద నాలుగు మాటలు రాసుకునేవాడు. అమ్మ ఆ ముక్కలన్నిటినీ ఒక అంచున కుట్టి పుస్తకం చేసింది. అంటే ఆ అమ్మాయి నా మూడో నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అంత నిజాయితీగా ఆధారం ఇచ్చినవాళ్లను నా జీవితంలో ఇంకొకరిని చూడలేదు.

ఆ తర్వాత నేను చేసింది ఇదంతా తెలియక చేశానంటే కొంత సర్దుకోవచ్చు. అన్నీ తెలిసే చేశాను.

బహుమతుల సభ ఒక ఆదివారం పొద్దున పెట్టారు. వెనక మూడు వరుసలూ నిండిపోయాయి. వాళ్ల పిల్ల ఒకతె వ్యాసం రాసిందని సాంచాల మనుషులు ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చారు. ఆ అమ్మాయి తండ్రి ఎవరో చూడగానే తెలిసింది. నాకంటే పెద్దవాడు. సన్నగా, నిటారుగా కూర్చుని రెప్పవేయకుండా వేదిక వైపే చూస్తున్నాడు. ఆ చూపును నేను భక్తి అనుకున్నాను.

న్యాయనిర్ణేతగా నేను మాట్లాడుతూ, వ్యాసాల్లో ఉదాహరణలు ఎలా ఇవ్వకూడదో చెబుతానని మొదలుపెట్టాను. "మన పోటీకి ఒక కొత్త గ్రంథం వచ్చింది. పుటలుండవు, గుడ్డలుంటాయి. పదకొండో గుడ్డ చూడండి అంటున్నారు. చొక్కా చూడమనలేదు, సంతోషం" అన్నాను. ముందు వరుసలు పగలబడి నవ్వాయి. అచ్చయిన పుస్తకం లేదు కాబట్టి మూడో నియమం కింద ఆ వ్యాసం పరిశీలనకు రాలేదని ప్రకటించాను. మైకు పక్కకు తిప్పి, అధ్యక్షుడి వైపు వంగి మెల్లగా అన్నాను: "ఆ నాలుగు లైన్లూ ఆ చెవిటి మేళం రాశాడంటే నేను చచ్చినా నమ్మను. ఎక్కడో కొట్టేసి ఉంటాడు. కూతురి చేత దొంగసొత్తు మోయిస్తున్నాడు."

ముందు వరుసలో మా ఆవిడకు కూడా ఆ మాట వినపడలేదు. వెనక వరుసల్లో మాత్రం ఏదో కదిలింది. ఒకతను పక్కవాడి మోకాలు తట్టి రెండు వేళ్లతో ఏదో సైగ చేశాడు. అది వరుస పొడవునా పోయింది. తండ్రి లేచాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. కుర్చీలు చప్పుడు కానివ్వకుండా, ఒక్క మాట మాట్లాడకుండా వెనక తలుపులోంచి వెళ్లిపోయారు. నేను మైకు మళ్లీ ముందుకు లాక్కుని, "భోజనాలు ఇంకా కాలేదండీ, తొందరపడకండి" అన్నాను. ముందువాళ్లు మళ్లీ నవ్వారు.

అమ్మాయి మాత్రం వెళ్లలేదు. సభ అయ్యాక వేదిక పక్కకు వచ్చి నిలబడింది.

"సార్, నా కాయితాలు నాకియ్యుండ్రి."

"పోటీకి వచ్చినవి సంఘం ఆస్తమ్మా. ఐదో నియమం చదవలేదా?"

"చదివిన. అయినా ఇయ్యుండ్రి." చెయ్యి చాపింది. "మీరు మైకు పక్కకు పెట్టి అన్నది మా బాపు చూసిండు."

"చూడటమేంటి?"

"సాంచాల కాడ చెవులు పనిజెయ్యయి సార్. మోతల ఎవలకేం వినవడది. పెదవులు చూసుకుంటనే మాట్లాడుకుంటరు. కార్ఖానా ఈ కొసకెల్లి ఆ కొసకు మాట్లాడుకుంటరు. మీరు దొంగ అన్నది అందరు చూసిండ్రు."

వెనక వరుసలు ఎందుకు లేచాయో అప్పుడు అర్థమైంది. కాని అప్పుడైనా కాగితాలు ఇవ్వలేదు. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, "ఇంటికి వెళ్లు, ఆలోచిద్దాం" అన్నాను. ఆ పిల్ల నా కళ్లలోకి చూసి, "మా బాపు నాకు తొలిసారి బహుమతి వస్తదని కొత్త చొక్కా కొనుక్కున్నడు సార్" అని వెళ్లిపోయింది.

ఆ ఏడు కాగితాలూ నా బీరువాలో ఉన్నాయి. ఎనిమిది నెలల తర్వాత నా వ్యాసాల సంపుటి అచ్చుకు సిద్ధమైంది. అందులో శ్రమ మీద రాసిన వ్యాసం చివర చప్పగా ఉంది. ఏం రాసినా అతకడం లేదు. నేను వాడవలసింది ఏమిటో నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ నాలుగు పంక్తులూ తీసి, రెండు మాటలు మార్చి పెట్టాను. పెట్టగానే వ్యాసానికి ప్రాణం వచ్చింది. కాని పేరు ఎలా ఇవ్వను? పేరు ఇస్తే సభలో నేను అన్నది అబద్ధమని నేనే సాక్ష్యం చెప్పినట్టు. అందుకని కింద, సూరత్ నేత కార్మికుల నోళ్లలో నానుతున్న అజ్ఞాత జానపదం అని రాశాను. పేరు లేని పంక్తి దొంగసొత్తు అని రాసింది కూడా ఆ చెయ్యే.

పుస్తకానికి మంచి పేరొచ్చింది. అంతకుముందు నా పుస్తకాలకు రానంత. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక వక్త ఆ నాలుగు పంక్తులూ చదివి, "ఆ పేరు తెలియని జానపదుడికి దండం" అని చేతులు జోడించాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది. పేరు తెలిసినవాణ్ణి ఆ సభలో నేనొక్కణ్ణే. నేనూ చప్పట్లు కొట్టాను.

పుస్తకం ఎవరి ద్వారానో వడోద్ చేరింది. ఒక మధ్యాహ్నం, అడాజణ్‌లో మా ఫ్లాటు గంట మోగింది. తలుపు తీస్తే ఆ తండ్రి. చంకలో ప్లాస్టిక్ సంచి. లోపలికి రమ్మన్నాను. కూర్చోమనలేదు.

"ఏమయ్యా, ఏం కావాలి నీకు?" అన్నాను. నాకంటే పెద్దవాణ్ణి నువ్వన్నానని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది. అప్పుడు తోచలేదు.

తన గొంతు తనకు వినపడదు కాబట్టి చాలా గట్టిగా మాట్లాడాడు. పక్క ఫ్లాటువాళ్లు వింటారేమోనని తలుపు వేశాను. ఆయన సంచిలోంచి గుడ్డల పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డలు లెక్కపెట్టుకుంటూ తిప్పి, పదకొండోది తెరిచాడు. నల్ల సిరాతో నాలుగు పంక్తులు. మూలన పదిహేడు అంకె.

"గిది సూడుండ్రి సార్. పేరు తెల్వదని రాసిండ్రట గదా. పేరున్నది. నంబరున్నది. గిది మా బిడ్డ మీద రాసిన. అది అప్పుడు గింతుండె" అని చేతిని మోకాలి దగ్గర పెట్టి చూపించాడు.

నేను ఆ అంకె మీంచి చూపు తిప్పుకున్నాను.

"తాకాల దాగు వడితే, గదే మచ్చ వడితే, నంబరు సూస్తరు సార్. నా కూలిల కోస్తరు. తప్పు దొరికితే నా పేరు దొరుకుతది. మంచిగున్నదానికి ఎందుకు దొరకది? నాకు పైసలద్దు, ఏమద్దు. జర పేరు పెట్టుండ్రి. మా బిడ్డ అబద్ధం రాయలేదని తెలుస్తది. గంతే."

ఆయన అడిగింది అదొక్కటే. తన కూతురు అబద్ధం రాయలేదని నలుగురికీ తెలియాలి. రెండు పంక్తుల సవరణ కాగితం అచ్చు వేయించి ప్రతి కాపీలో పెడితే అయిపోయేది. ప్లాంటులో ఒక నట్టు తప్పు బిగిస్తే అంతకంటే పెద్ద కాగితాలు రాశాను.

అప్పుడు చేసిన పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. నేను కిటికీ వైపు తిరిగాను. ముఖం ఆయనకు కనపడకుండా పెట్టుకుని, తాపీ నది వంతెన మీద పోయే బండ్లను చూస్తూ జవాబు చెప్పాను. రెండో ముద్రణలో చూద్దామన్నాను. ఈ గుడ్డ ముక్కను ఆధారంగా ఏ పండితుడూ ఒప్పుకోడన్నాను. రేపు ఎవడైనా గోనెసంచి మీద రాసుకొచ్చి నాదే అంటే నమ్మాలా అన్నాను. ఎలా వింటాడో అప్పటికి నాకు బాగా తెలుసు. అందుకే తిరిగాను. జవాబు చెప్పినట్టూ ఉండాలి, అది ఆయనకు చేరకూడదు.

"సార్, ముఖం ఇటు తిప్పుండ్రి" అన్నాడు వెనక నుంచి.

నేను తిప్పలేదు.

"జర ఇటు తిప్పుండ్రి సార్. నాకు మాట కనవడ్తలేదు."

ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. అడగలేదు. గుడ్డలు మడిచిన చప్పుడు, సంచి గరగరలాడిన చప్పుడు, తలుపు చప్పుడు వినపడ్డాయి. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

తర్వాత మూడేళ్లు గడిచాయి. నా మనసు మారడం వల్ల ఏదో జరిగిందని చెప్పుకోను, మారలేదు. జరిగింది వేరు. ఒక యువ అధ్యాపకుడు శ్రమ కవిత్వం మీద రాసిన వ్యాసం నాకు పంపాడు. అందులో ఆ నాలుగు పంక్తులూ ఉన్నాయి. కింద అజ్ఞాత జానపదం అని, ఆధారంగా నా పేరు, నా పుస్తకం పేరు, పుట సంఖ్య, ముద్రణ సంవత్సరం. ఒక్క కామా కూడా తప్పు లేదు. నేను జీవితమంతా ఎలా ఇవ్వమని అరిచానో అలా ఇచ్చాడు. అతన్ని చూసి ఇంకొకరు రాస్తారు. నా అబద్ధం ఇలా ఒకరి నుంచి ఒకరికి, ఆధారాలతో సహా, పద్ధతిగా పోతుంది. అది చదివిన రోజు అన్నం సయించలేదు. ఆ మనిషికి అన్యాయం చేశాననే బాధ అందులో ఎంతో, నా పద్ధతికి మచ్చ పడిందనే బాధ ఎంతో తేల్చి చెప్పలేను. రెండోదే ఎక్కువేమో.

అదే నెలలో ప్రచురణకర్త రెండో ముద్రణ వేస్తున్నాం, దిద్దుబాట్లు పంపండి అన్నాడు. సరే, కవి పేరు ఇద్దాం, ఆధారం తు.చ. తప్పకుండా రాసుకొద్దాం అనుకుని నోటు పుస్తకం తీసుకుని వడోద్ వెళ్లాను. బస్సులో కూర్చుని, ఆయనకు చెప్పవలసిన మాటలు పెదవులు స్పష్టంగా కదిలేలా లోలోపల పలికి చూసుకున్నాను. పక్క సీటులో గుజరాతీ ఆవిడ నాకేదో అయిందనుకుని జరిగి కూర్చుంది.

వరుస గదుల ముందు సందులో ఆయన పీట మీద కూర్చుని సైకిల్ తుడుస్తున్నాడు. చిక్కిపోయాడు. నేను వచ్చిన అలికిడికి తలెత్తలేదు. గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. కాలేజీ అయిపోయి, అక్కడే పిల్లలకు ట్యూషన్లు చెబుతోందని తర్వాత తెలిసింది. నన్ను చూసి గుర్తుపట్టింది. కూర్చోమంటూ కుర్చీ వేసింది. నా ఇంట్లో ఆయనకు నేను వేయని కుర్చీ.

వచ్చిన పని చెప్పాను. పేరు వేస్తానన్నాను. పంక్తుల్లో రెండు మాటలు నా ఇష్టానికి మార్చానని, ఆమె వ్యాసం నా దగ్గరున్నా అసలు గుడ్డతోనే సరిచూసి దిద్దుకోవాలని, పదకొండో గుడ్డ ఒకసారి చూపించమని అడిగాను.

"బాపుకు ఇప్పుడు బిల్కుల్ వినవడది సార్. సాంచా బంద్ చేసిండు. కొత్త బీములు లెవ్వు, కొత్త గుడ్డలు లెవ్వు" అంది.

"పాత పుస్తకం ఉంది కదమ్మా?"

"బుక్కున్నది. పదకొండోది లేదు. మీ ఇంటికెల్లి వచ్చిననాడే బాపు దాన్ని ఇప్పేసిండు. గది ఇంక మనది గాదు బిడ్డా, జానపదమట, లోకందట అన్నడు."

"ఏం చేశాడు మరి?"

ఆమె సైకిల్ వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన చేతిలో గొలుసు తుడుస్తున్న జానెడు గుడ్డ, నూనెతో నల్లబడిపోయి ఉంది. మూలన అంకెలాంటిది కొంచెం కనిపించింది. ఒకటో, ఏడో, చెప్పలేను.

"మా పేరు మీ బుక్కుల వద్దు సార్," అంది అమ్మాయి, కోపం లేకుండా. "ఆ లైన్లు గూడ తీసెయ్యుండ్రి. మీరు మళ్ల ఏడ రాసినా, పేరు రాయద్దు, లైన్లు రాయద్దు. బాపు గదే చెప్పమన్నడు. ఎన్నడో ఒకనాడు వస్తరని ఆయనకెరుకే."

అందుకే ఇందులో ఆ పంక్తులు లేవు. నాకు నోటికి వచ్చు. కవి పేరు, ఇంటిపేరు, సాంచా నంబరు అన్నీ వచ్చు. ఇంత సరిగ్గా ఉదహరించగలిగిన పంక్తులు నాకు వేరే లేవు.

ఆనాడు ఆ పిల్ల మాట విన్నాక ఇంక లేచి రావలసింది. కాని బస్సులో వల్లెవేసుకున్న మాటలు మిగిలిపోయాయి. ఆయన ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాను. నా ముఖం ఆయన ముఖానికి ఎదురుగా, వెలుతురు నా పెదవుల మీద పడేలా చూసుకున్నాను. ఆయన తుడవడం ఆపి నన్ను చూశాడు. ఆనాడు సభలో చూసినట్టే, రెప్పవేయకుండా.

"నేను మీకు అన్యాయం..." అని మొదలుపెట్టాను, ఒక్కో అక్షరం విడదీసి.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

తెరుస్తాడేమోనని ఆగాను. తెరవలేదు. వేళ్లు గొలుసు మీద నెమ్మదిగా మళ్లీ కదిలాయి, చూడకుండానే. వెనక గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది, పక్క గదులవాళ్లు చూస్తున్నారు. లేచి రావడం చేతకాక, అనుకున్న వాక్యాలన్నీ చివరిదాకా చెప్పాను.